ముంబై హైలో పోయిన మా చిన్నాన్న: అక్కడ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉద్దానం_పిల్ల | 5 జూలై 2025, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఈ వేదికలో వంటల విభాగంలో తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇది ఎక్కడ పెట్టాలో తెలీక ‘కబుర్లు’లో పెడుతున్నాను. వేరేచోటుకి మార్చాలంటే నిర్వాహకులు మార్చండి.

2005 జూలై 27న బొంబాయి దగ్గర సముద్రంలో చమురు తీసే ముంబై హై నార్త్ ప్లాట్‌ఫామ్ కాలిపోయింది, గుర్తున్నవాళ్ళు ఉంటారు. ముందురోజే బొంబాయి వానలో మునిగింది కాబట్టి ఈ వార్త ఆ వరద వార్తల కింద పడి నలిగిపోయింది. 22 మంది పోయారు. వాళ్ళలో 11 మంది శవాలు కూడా దొరకలేదు. ఆ దొరకనివాళ్ళలో మా చిన్నాన్న ఒకడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. రిగ్గర్లుగా, వెల్డర్లుగా బొంబాయి, దుబాయ్, సింగపూర్ పోవడం మావైపు కుర్రాళ్ళకి కొత్త కాదు. చిన్నాన్న ఒక కాంట్రాక్టర్ కింద రిగ్గరు. ఆ కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయను, నేను అడగబోయేదానికి అది అక్కర్లేదు.

నాయనమ్మ బతికినన్నాళ్ళూ కర్మ చెయ్యనివ్వలేదు. ‘సవం సూపించండి, అప్పుడు సేద్దాం’ అనేది. ఎవరైనా గట్టిగా అంటే ‘ఈతొచ్చినోడురా ఆడు’ అని లేచి వెళ్ళిపోయేది. తిత్లీ తుఫానుకి తోటలో కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు గానీ, గోడ తడిసి చిన్నాన్న ఫొటో పాడైతే అన్నం మానేసింది. రెండేళ్ళ కిందట ఆవిడ పోయింది. ఇప్పుడు చిన్నమ్మే ‘ఇరవయ్యేళ్ళు నిండుతున్నాయి, ఈసారైనా ఆయనకి చెయ్యాల్సింది చేసేద్దాం’ అంటోంది.

కర్మ రోజు నలుగురూ కూర్చున్నప్పుడు వాడి గురించి నాలుగు మాటలు చెప్పమని నాన్న నాకు అప్పజెప్పాడు, చదువుకున్నదాన్ని కదా అని. రాద్దామని కూర్చుంటే ఏమీ రాలేదు. ఊళ్ళో చిన్నాన్న ఎలా ఉండేవాడో అందరికీ తెలుసు. పనసచెట్టు ఎక్కడంలో వాడి తర్వాతే ఎవరైనా అంటారు. కానీ ఏడాదిలో ఎక్కువ భాగం గడిపిన ఆ సముద్రం మీద ఏం చేసేవాడు, ఎక్కడ పడుకునేవాడు, ఏం తినేవాడు అంటే మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. అడిగితే ‘ఇనప ఊరమ్మా అది’ అని నవ్వేసేవాడు.

ఆ రోజుల్లో అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. రిగ్గరు పనంటే ఏమిటి? రోజు ఎలా గడిచేది?

గోదారి_గట్టు | 5 జూలై 2025, రాత్రి 10:20

చాలా బాధగా ఉందండి. మాది పాశర్లపూడి పక్కన. 1995 జనవరిలో అక్కడ బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిళ్ళు మా ఊళ్ళో దీపం పెట్టకపోయినా అరుగు మీద మనుషులు కనిపించేవారు. ఆ చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. మాకు పరిగెత్తడానికి పొలాలున్నాయి, వాళ్ళు ఎటు పోతార్రా అని 2005లో టీవీ చూస్తూ మా నాన్నగారు అన్నారు.

మీ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినాయన ఈ వేదికలోనే ఉన్నారు. పద్యాల విభాగంలో యతిప్రాసల మీద కొట్లాడుతూ ఉంటారు. రేడియో_రూమ్ గారూ, ఒకసారి ఇటు రండి.

రూపాయి_పాపాయి | 5 జూలై 2025, రాత్రి 11:03

పరిహారం ఎంత ఇచ్చారండీ? ఊరికే, తెలుసుకుందామని.

నిర్వాహకులు | 5 జూలై 2025, రాత్రి 11:30

ఆ ప్రశ్న ఈ థ్రెడ్‌లో వద్దు. దాని కింద వచ్చిన వ్యాఖ్యలు తీసేశాం.

రేడియో_రూమ్ | 6 జూలై 2025, ఉదయం 6:15

అమ్మాయ్, గోదారి_గట్టు రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. నేను ఆఫ్‌షోర్‌లో, అంటే సముద్రం మీది ప్లాట్‌ఫాముల్లో, రేడియో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. నార్త్‌లో కూడా చేశాను. ఆ రోజు మాత్రం డ్యూటీలో లేను, రాజమండ్రిలో మా ఇంట్లో ఉన్నాను. ముందే చెప్పేస్తున్నా, మీ చిన్నాన్న నాకు గుర్తు లేడు. అక్కడ ఎప్పుడు చూసినా వందలమంది. ఆ రోజున ప్లాట్‌ఫాములు, పక్కనే ఆనించి ఉన్న డ్రిల్లింగ్ రిగ్గు, ఓడ, అన్నీ కలిపి 384 మంది.

అయినా మీవైపు కుర్రాళ్ళు చాలామంది తెలుసు. తెలిసినంత రాస్తాను.

బొంబాయికి పడమరగా 160 కిలోమీటర్ల దూరం. 1974లో సాగర్ సామ్రాట్ రిగ్గు తవ్వి చమురు కనిపెట్టిన క్షేత్రం అది. నార్త్ అంటే ఒక ప్లాట్‌ఫామ్ కాదు, నాలుగు. బావులున్నది ఒకటి, మనుషులు ఉండేది ఒకటి, చమురునీ గ్యాసునీ విడదీసేది ఒకటి, తర్వాత కట్టిన ఇంకోటి. అన్నిటికీ మధ్య వంతెనలు. రోజుకి 80,000 పీపాల చమురు వచ్చేది. ‘ఇనప ఊరు’ అని మీ చిన్నాన్న నవ్వులాటకి అన్నా, సరిగ్గా అన్నాడు. వీధులున్నాయి, మేడలున్నాయి, మట్టి మాత్రం లేదు. చాలాచోట్ల నేలంటే జాలీ. బూటు కింద కన్నాల్లోంచి సముద్రం కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాడు తల దించకుండా గోడ పట్టుకుని నడుస్తాడు, నాలుగు రోజులకి మామూలైపోతుంది. ఫ్లేర్, అంటే మిగులు గ్యాసుని కాల్చేసే మంట, రాత్రీ పగలూ మండుతూనే ఉంటుంది. ఆ హోరుకి అందరం గట్టిగా మాట్లాడ్డం అలవాటై, ఇంటికొచ్చాక కూడా అరుస్తున్నారేమిటని మా ఆవిడ విసుక్కునేది.

మేం పర్మనెంటువాళ్ళం జుహూ నుంచి హెలికాప్టర్‌లో వెళ్ళేవాళ్ళం, 14 రోజులు డ్యూటీ, 14 రోజులు ఇల్లు. కాంట్రాక్టు కుర్రాళ్ళని చాలామటుకు నావా రేవు నుంచి బోటు ఎక్కించేవారు. వాళ్ళకి ఈ పద్నాలుగు లెక్క లేదు, పని అయ్యేదాకా అక్కడే. బోటు నుంచి పైకి క్రేనుకి కట్టిన బుట్టలో తీసుకునేవారు. బుట్ట అంటే అడుగున గుండ్రటి చట్రం, పైదాకా వల. సంచులు లోపల పడేసి, మనిషి మాత్రం చట్రం అంచు మీద బయటే నిలబడి చేతులు వలలోకి దూర్చి పట్టుకోవాలి. లోపల ఎందుకు నిలబడకూడదు అంటే, అది నీళ్ళలో పడితే వలలో చిక్కుకోకుండా వదిలేసి దూకడానికి. వానాకాలంలో కెరటం బోటుని ఎత్తి దింపుతుంటే సరిగ్గా పైకి లేచిన క్షణంలో బుట్ట ఎత్తాలి. మొదటిసారి ఎక్కినవాడు దిగాక కాసేపు మాట్లాడడు.

పైకి రాగానే అగ్గిపెట్టె, లైటరు తీసేసుకుంటారు. పక్క నంబరు, లైఫ్‌బోటు నంబరు ఇస్తారు. టీ అక్షరం ఆకారంలో ఒక కార్డు మీద పేరు రాసి ఆ బోటు దగ్గర బోర్డులో గుచ్చుతారు. సైరన్ మోగితే ఎవడి బోటు దగ్గరికి వాడు పరిగెత్తి తన కార్డు తిప్పాలి. తిప్పని కార్డు ఎవరిదో వాళ్ళని వెతకాలి.

ఇక రిగ్గరు పని. మన వైజాగు పోర్టు భాషలో కళాసీ. బరువులు కట్టడం, ఎత్తడం, దించడం. చెయిన్ బ్లాకు (గొలుసు కప్పీ), స్లింగు (బరువుకి చుట్టే పట్టీ), షాకిలు (పిన్నుతో బిగించే ఇనప లంకె), తాళ్ళు. టన్ను బరువున్న వాల్వుని పైపుల మధ్యలోంచి ఎక్కడా తగలకుండా బయటికి తియ్యాలంటే ఇంజినీరు కాగితం మీద గీతలు గీస్తాడు, తీసేది రిగ్గరే. క్రేను ఆపరేటర్ పైన గదిలో ఉంటాడు, కింద బరువు అతనికి చాలాసార్లు కనిపించదు. కిందున్న రిగ్గరు చెయ్యే చూస్తాడు. చూపుడువేలు పైకెత్తి చిన్నగా తిప్పితే ఎత్తు. కిందికి చూపి తిప్పితే దించు. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుంటే ఎక్కడిదక్కడ ఆపెయ్. ఆ చెయ్యి తడబడితే ఎవడి కాలో నుజ్జవుతుంది. అందుకని మంచి రిగ్గరు అంటే క్రేను ఆపరేటర్లు పేరు పెట్టి అడిగి పిలిపించుకునేవారు.

నా దగ్గరికి వాళ్ళు వచ్చేది ఫోన్‌కి. 2005లో సెల్‌ఫోన్లు అక్కడికి రానిచ్చేవారు కాదు. రాత్రి భోజనం అయ్యాక వరస. మీవైపు కుర్రాళ్ళు ఊళ్ళో ఎస్టీడీ బూతుకి చేసి ‘పలానావాళ్ళ కోడల్ని పిలవండి, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తా’ అని పెట్టేసేవారు. ఆ పది నిమిషాలూ తలుపు దగ్గరే నిలబడేవారు, కూర్చోమన్నా కూర్చునేవారు కాదు. తీరా కలిశాక మాట్లాడేదేమో ‘ఆఁ తిన్నాను. నువ్వు తిన్నావా. వానలు పడ్డాయా’. నేను వినకూడదనే చూసేవాణ్ణి. తెలుగు కదా, చెవిలో పడేది.

ఉద్దానం_పిల్ల | 6 జూలై 2025, రాత్రి 8:05

పెద్దాయన గారూ, మీకు ఎలా దణ్ణం పెట్టాలో తెలీడం లేదు. మొత్తం చిన్నమ్మకి చదివి వినిపించాను. బూతు మా పక్కింటివాళ్ళదే. చిన్నమ్మ అంది కదా, ‘ఆ పది నిమిషాల్లో జడేసుకుని, పౌడరు రాసుకుని ఎల్లేదాన్ని. ఫోన్లో కనబడదని నాకూ తెలుసు.’

బుట్ట సంగతి విని నాన్న బయటికి వెళ్ళిపోయాడు. వాడికి తెప్ప ఎక్కడమంటేనే భయం అని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళమట.

అబర్డీన్_మబ్బు | 7 జూలై 2025, మధ్యాహ్నం 1:10

నేను కరీంనగర్ నుంచి వచ్చి స్కాట్లండ్ల అబర్డీన్‌ల సబ్‌సీ (సముద్రం అడుగు పనుల) ఇంజినీరుగ చేస్తున్న. అక్కా, మీరు ఈ పోస్టు పెట్టిన తెల్లారే ఇక్కడ జూలై 6. 1988ల ఇక్కడి సముద్రంల పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫామ్ కాలిన రోజు. 226 మంది ఉంటే 61 మందే బతికిన్రు. సాయం జేయవోయిన బోటుల ఇద్దరు గూడ పోయిన్రు, మొత్తం 167. 30 మంది శవాలు దొరకలే.

ఆదివారమని హేజిల్‌హెడ్ పార్కుకు వోయిన. గులాబీ తోట మధ్యల ముగ్గురు పనోళ్ళ కంచు విగ్రహాలుంటయి, కింద రాయి మీద పేర్లు. శవాలు దొరకనోళ్ళ పేర్లు విడిగ చెక్కిన్రు. ఒక ముసలామె గుడ్డతోని ఒక్క పేరే తుడిచి, పూలు వెట్టి, బస్సు టైమైతుందని లేచి వోయింది.

పైపర్‌ల పెద్ద వింత ఏమిలేదు. ఒక పంపు సేఫ్టీ వాల్వు రిపేరుకని విప్పి, ఆ జాగల రేకు మూత పెట్టిన్రు. ఆ సంగతి రాసిన కాగితం రాత్రి షిఫ్టోళ్ళకు అందలే. ఇంకో పంపు ఆగిపోతె దీన్ని నడిపిన్రు. గంతే. ఎంక్వయిరీ జేసిన కల్లెన్ 106 సిఫారసులు రాసిండు, బ్రిటన్ల ఆఫ్‌షోర్ చట్టమంత మారింది. మన దగ్గర ముంబై హై అయినంక 2008ల ఆఫ్‌షోర్ భద్రత రూల్స్ వచ్చినయి. మా ట్రైనింగుల రైజర్ల (సముద్రం అడుగుకెల్లి పైకొచ్చే గొట్టాల) పాఠం వచ్చిందంటే ముంబై హై ఫొటో తెర మీద పడుతది. క్లాసుల నేనొక్కన్నే ఇండియావాణ్ణి ఉన్నప్పుడు అందరు నాదిక్కు జూస్తరు. ఈసారి జూస్తె మీ చిన్నాన్న పని ఏందో చెప్త.

వాయిదా_వకీలు | 7 జూలై 2025, సాయంత్రం 4:48

ఎవరికైనా పనికొస్తుందని ఒక్క ముక్క. ఏడేళ్ళు జాడ లేకపోతే మరణించినట్టు కోర్టు భావిస్తుంది, పాత సాక్ష్యాధార చట్టంలో 108వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 111. అయితే ఏ తేదీన పోయాడన్నది ఆ సెక్షన్ చెప్పదు. తేదీ రుజువు చేసుకోవాలి. మీ కేసులో మరణ ధృవపత్రం వచ్చే ఉంటుంది, రాకపోతే నాకు విడిగా రాయండి, ఫీజు లేదు.

ఉద్దానం_పిల్ల | 7 జూలై 2025, సాయంత్రం 6:30

వచ్చిందండీ. చాలా తిరిగాక వచ్చింది. నాయనమ్మ దాన్ని ఇంట్లో పెట్టనివ్వలేదు, మా నాన్న పని చేసే బడి బీరువాలో ఉండేది.

దర్భపోచ | 8 జూలై 2025, ఉదయం 5:50

అమ్మా, నేను పౌరోహిత్యం చేసేవాణ్ణి. దేహం దొరకనివారికి మోదుగ కాడలు 360 పరిచి మనిషి ఆకారం చేసి, తలకి కొబ్బరికాయ ఉంచి దహనం చెయ్యమని గరుడపురాణం చెబుతుంది. జాడ తెలియకుండా పోయినవారికైతే పన్నెండేళ్ళు ఆగమంటారు. మీది ఆ సందర్భం కాదు. ప్రమాదం తెలుసు, రోజు తెలుసు. 2005 జూలై 27 సాయంత్రానికి ఆషాఢ బహుళ సప్తమి. ఈ ఏడు ఆ తిథి జూలై 17, గురువారం వచ్చింది. ఇంగ్లీషు తేదీ 27నే చేస్తామంటే తిథి దాటిపోతుంది.

మీ కులాచారం ఏదో నాకు తెలియదు, మీ ఇంట్లో ఎవరు చేయిస్తారో వారినే అడగండి. కొడుకు లేకపోతే అన్నదమ్ములు చేస్తారు. కూతురు చేస్తానంటే కాదనడానికి నా మట్టుకు నాకు మనసు రాదు.

బార్జి_తమ్ముడు | 8 జూలై 2025, రాత్రి 11:15

నేను సభ్యత్వం తీసుకుని చాన్నాళ్ళయినా ఇదే మొదటి పోస్టు. మా అన్న 2021 మే 17న టౌటే తుఫానులో ముంబై హై దగ్గర మునిగిన పీ-305 బార్జి (పనివాళ్ళు ఉండే చదును పడవ) మీద ఉన్నాడు. 261 మంది. లంగర్లు తెగి బార్జి కొట్టుకుపోయింది, ఒక ప్లాట్‌ఫామ్‌ని గుద్దింది, నీళ్ళెక్కి మునిగింది. డెబ్బైమందికి పైగా పోయారు. మా అన్నని నేవీవాళ్ళు తీశారు.

బతికి వచ్చాడు కదా, అడగొచ్చు కదా అనుకుంటారు. మేమూ అడగలేదు. ఒక్కసారి తాగి ఉన్నప్పుడు వాడే చెప్పాడు. లైఫ్‌జాకెట్ల తాళ్ళు ఒకరివి ఒకరు పట్టుకుని గుంపుగా తేలారట. చీకట్లో ఎవరూ జారిపోకుండా వరసగా ఊరు పేరు చెప్పుకునేవారట. పలకాల్సిన ఊరు పలక్కపోతే తర్వాతివాడు రెండు సార్లు పిలిచి, తన ఊరు చెప్పేవాడట. అక్కా, మీ చిన్నాన్న రోజుల్లో ఈ ఉద్యోగానికి ఎవరు వెళ్ళారో, మా అన్న రోజుల్లోనూ వాళ్ళే వెళ్తున్నారు. మా అన్న మళ్ళీ వెళ్ళాడు. ఇప్పుడు ఖతర్‌లో ఉన్నాడు.

మొగలిపొద | 10 జూలై 2025, రాత్రి 12:40

అక్కా, ఉద్దానం, బూతు, జడ, ఇవన్నీ చదివాక ఇది నువ్వేనని తెలీదనుకున్నావా. నన్నడక్కుండా మా నాన్న గురించి ఊరంతటికీ చెప్పావు. కోపం వచ్చింది. చదువుతూ చదువుతూ పోయింది, పూర్తిగా కాదు.

మిగతావాళ్ళకి: నేను ఆయన కూతుర్ని. ఆయన పోయేసరికి నాకు మాటలు కూడా సరిగ్గా రావు. ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేసి వైజాగ్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేస్తున్నాను. ఎందుకు ఆ కోర్సు తీసుకున్నావని ఎవరూ అడగొద్దు, సీటు అందులో వచ్చింది.

రేడియో_రూమ్ తాతగారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. నాన్న ఎలా పోయాడన్నది చిన్నప్పట్నుంచి ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. సముద్రంలోకి దూకాడని మామయ్య. ఇంకొకణ్ణి బయటికి లాగుతూ మంటల్లో పడ్డాడని బళ్ళో టీచరు. పడుకుని ఉన్నాడు, తెలీకుండానే అయిపోయిందని అమ్మ. మీకు ఆ ప్లాట్‌ఫామ్ తెలుసు. ఆ టైముకి రిగ్గర్లు ఎక్కడ ఉండేవారు? ఏది నిజమై ఉంటుంది?

రేడియో_రూమ్ | 10 జూలై 2025, ఉదయం 7:20

తల్లీ, అక్కడ ఏం జరిగిందో బయటికొచ్చిన లెక్క ప్రకారం చెబుతాను. అది వేరు, మీ నాన్నకి ఏం జరిగిందన్నది వేరు.

సముద్ర సురక్ష అని ఒక ఓడ ఉండేది, డైవర్లని దించే ఓడ. దాని మీద వంటమనిషికి రెండు వేళ్ళ చివర్లు తెగాయి. ముందురోజు బొంబాయిలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన, హెలికాప్టర్లు లేవడం లేదు. ప్లాట్‌ఫామ్ మీద డాక్టరు దగ్గరికి చేర్చాలని ఓడని దగ్గరికి తెచ్చారు. గాలి చాటు వైపున్న క్రేను పని చెయ్యడం లేదు, అందుకని గాలి తోసే వైపుకి తెచ్చారు. ఓడని కంప్యూటర్‌తో ఒకచోట నిలబెట్టే థ్రస్టర్లలో తేడా వచ్చి చేత్తో నడుపుతూ, వెనకనుంచి తెచ్చారు. వంటమనిషిని బుట్టలో పైకి తీసుకున్నారు. తర్వాత కెరటం ఓడని తోసింది. ఓడ వెనకున్న హెలిడెక్ వెళ్ళి గ్యాసు రైజర్‌కి తగిలింది.

రైజర్ అంటే సముద్రం అడుగు నుంచి ప్లాట్‌ఫామ్ మీదికి నిలువుగా వచ్చే గొట్టం. అది తెగితే పైన వాల్వు మూసినా లాభం లేదు, కిలోమీటర్ల కొద్దీ గొట్టంలో ఉన్న గ్యాసంతా అక్కడే బయటికొస్తుంది. సాయంత్రం నాలుగు దాటింది. అంటుకుంది. పక్క రైజర్లకి మంట తట్టుకునే పూత లేదు, ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. రెండు గంటల్లో ప్రాసెస్ ప్లాట్‌ఫామ్ మొత్తం కూలి, కాళ్ళ మొదళ్ళే నీళ్ళ పైన మిగిలాయి. 8 లైఫ్‌బోట్లలో 2, 10 రాఫ్టుల్లో ఒకటి మాత్రమే దించగలిగారు. తక్కినవాటి దగ్గరికి వెళ్ళడానికి మంట దారివ్వలేదు. నేవీ, కోస్ట్ గార్డ్, చుట్టుపక్కల సప్లై బోట్లు ఆ సముద్రంలో 362 మందిని ఏరుకొచ్చాయి. ఓడలో ఒత్తిడి గదిలో ఉన్న ఆరుగురు డైవర్లు తలుపు తీసుకుని రావడానికి వీల్లేదు, వస్తే చచ్చిపోతారు. కాలుతున్న ఓడలో ఉండిపోయారు. వాళ్ళని 36 గంటల తర్వాత బయటికి తీశారు.

ఇక నువ్వు అడిగింది. నాలుగింటికి టీ టైము. ఎవరైనా ఎక్కడైనా ఉండొచ్చు. నేను అనుభవం ఉందని ఒకచోటు చెప్పానే అనుకో, రేపట్నుంచి నీకు అదే నిజమైపోతుంది. అలా చెప్పడానికి నాకు హక్కు లేదు. మీ మామయ్యకి తెలీదు, టీచరుకి తెలీదు, మీ అమ్మకి తెలీదు, నాకూ తెలీదు. ఆ పది నిమిషాలు నేను నీకు ఇవ్వలేను. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆయన పొద్దున్నే బూట్లు వేసుకుని, హెల్మెట్ పట్టీ బిగించుకుని చేసిన పని గురించి ఎంతైనా అడుగు.

జీవుడి_వేదన | 10 జూలై 2025, ఉదయం 10:02

పోయినవాళ్ళని ఇలా పోస్టుమార్టం చెయ్యడం దేనికండీ. దేవుడి దగ్గర హాయిగా ఉండి ఉంటారు. కదపకండి.

మొగలిపొద | 10 జూలై 2025, ఉదయం 10:09

దేవుడి దగ్గర ఉన్నారని మీకు ఎవరు చెప్పారో వాళ్ళ నంబరు ఇవ్వండి, ఇరవయ్యేళ్ళుగా వెతుకుతున్నాం.

తాతగారూ, సరే. అయితే అడుగుతున్నాను. చేతి సైగలు అన్నీ చెప్పండి. మూడే రాశారు. మా కోర్సులో బొమ్మలు చూపించారు గానీ అవి ఇంగ్లీషు పుస్తకంలోవి, మావాళ్ళు ఎలా పట్టేవారో కావాలి.

రేడియో_రూమ్ | 10 జూలై 2025, ఉదయం 10:40

అన్నీ రాతలో రావు. వీడియో కాల్ చెయ్యి, నంబరు విడిగా పంపాను. నేను రిగ్గర్ని కాదు, కిటికీలోంచి చూసినవాణ్ణి. తేడాలుంటే ఆ పని చేసినవాడే చెప్పాలి.

ఉద్దానం_పిల్ల | 19 జూలై 2025, రాత్రి 9:30

గురువారం బారువలో, మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట చేశాం. దర్భపోచ గారు చెప్పినట్టు మోదుగ కాడలే తెచ్చాం, లెక్కపెట్టడానికి పిల్లలందరినీ కూర్చోబెట్టాం, రెండుసార్లు తప్పారు. మా ఆచారం ప్రకారం చేయించే ఆయన కూతురు చెయ్యడానికి మొదట ఒప్పుకోలేదు. నాన్న పక్కన నిలబడి కాడ కాడకీ తన చెయ్యి దాని చేతి మీద పెట్టాడు. అంతటితో ఆయన ఊరుకున్నాడు. పిండం పెట్టాక కాకి చాలాసేపు రాలేదు. ‘సెలవు దొరకలేదేమో’ అంది చిన్నమ్మ. అందరం నవ్వాం, ఆవిడా నవ్వింది.

తర్వాత ఇంటి దగ్గర భోజనాలయ్యాక నేను మాట్లాడాను. ఎలా పోయాడో చెప్పలేదు. బుట్ట గురించి, కార్డు గురించి, ఫోన్ వరస గురించి చెప్పాను. సైగలు చెల్లి చూపించింది. ఎత్తు, దించు అని అది చూపిస్తోంటే వెనకనుంచి మా వీధి చివర ఉండే ముసలాయన, కిరాణా కొట్టు నడుపుతాడు, ‘అలా కాదే, మోసెయ్యి కదలకూడదు, మణికట్టే తిరగాల’ అని లేచొచ్చాడు. ఇంకొకాయన ‘మీ దుబాయోళ్ళది అలగ, బొంబాయిలో ఇలగ’ అని ఎదురు చెప్పాడు. ఇద్దరూ రిగ్గర్లే. మాకు తెలుసు, వాళ్ళు బయట పని చేసి వచ్చినవాళ్ళని తెలుసు, ఏం పని అని ఎప్పుడూ అడగలేదు. కిరాణా తాతయ్య నార్త్‌లోనే చేశాడట, 2005కి ముందు. చిన్నాన్నకి మొదటిసారి షాకిలు పిన్ను ఎలా బిగించాలో చూపించింది నేనే అన్నాడు. ‘మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం తాతా’ అంటే ‘మీ నాయనమ్మ ఉండగా ఆడి పేరెత్తడానికి ఎవడికి గుండె ఉందే’ అన్నాడు.

రాత్రి చీకటిపడేదాకా వాకిట్లో అదే. పెరట్లో పాత మోటారు ఒకటి ఉంటే చెయిన్ బ్లాకు లేక తాడుతోనే పనసచెట్టు కొమ్మకి ఎత్తి చూపించారు. చెల్లి సైగలు చేసింది. ఒకసారి తప్పు చేస్తే తాతయ్య తిట్టాడు, గట్టిగానే తిట్టాడు. కొమ్మ విరిగింది. నాన్న ఏమీ అనలేదు.

చిన్నమ్మ బొట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎవరూ ఇక్కడ అడగొద్దు కూడా.

అబర్డీన్_మబ్బు | 19 జూలై 2025, రాత్రి 11:50

మణికట్టు ముచ్చట రాసుకున్న. మా దగ్గర బోధించెటోడు కూడ మోచెయ్యి ఊపుతడు. చెప్త.

జుహూ_ఆగస్టు | 21 జూలై 2025, సాయంత్రం 5:15

నమస్కారం. ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మా నాన్న 2003 ఆగస్టు 11న ముంబై హై దగ్గర సముద్రంలో కూలిన ఎంఐ-172 హెలికాప్టర్‌లో ఉన్నారు. 27 మంది పోయారు. ఇప్పుడు నా వయసు అప్పటి ఆయన వయసు దాటింది. మా ఇంట్లో కూడా ఆయన ఉద్యోగం గురించి ఎవరూ మాట్లాడరు. వేరే థ్రెడ్ తెరవాలా, ఇక్కడ రాయొచ్చా?

నిర్వాహకులు | 21 జూలై 2025, సాయంత్రం 5:40

ఇక్కడే రాయండి.

రేడియో_రూమ్ | 21 జూలై 2025, సాయంత్రం 6:02

బాబూ, మీ నాన్నగారు ఏ విభాగం? డ్రిల్లింగా, ప్రొడక్షనా, మెయింటెనెన్సా? ఏ ప్లాట్‌ఫామ్‌లో చేసేవారో ఇంట్లో పాత గుర్తింపు కార్డు ఉంటే చూసి రాయండి. పేరు ఇక్కడ వద్దు, నాకు విడిగా పంపండి.